హెస్టర్ మోసిన నింద

హెస్టర్ ఆన్ ఆర్చ్‌బోల్డ్‌ను నేను మొదటిసారి చూసినది 1949 సెప్టెంబరులో, స్కార్‌నెస్ బడి వెనుక గుమ్మం దగ్గర. నేను ఆ బడికి పంతులమ్మగా వచ్చి అప్పటికి నాలుగు రోజులు. ఆమె లోపలికి రాలేదు. గాలి నా వైపు వీచని పక్కకు జరిగి, నాలుగడుగుల దూరంలో నిలబడింది. ముంజేతుల దాకా ఆలిచిప్పల నీరు ఎండి పొలుసు కట్టి ఉంది. వయస్సు ఇరవై ఎనిమిది. ముఖం చూస్తే అంతకన్న చిన్నదిగా, చేతులు చూస్తే అంతకన్న చాలా పెద్దదిగా కనిపించింది.

"పంతులమ్మగారూ, మీ దగ్గర పెద్ద నిఘంటువు ఉన్నాదంట కదండీ. మీ పెట్టె మోసినప్పట్నుంచీ నడుం పట్టేసిందని మా జార్జి బాబాయి ఊరంతా చెప్పుకుంటన్నాడు," అన్నది.

"ఉన్నది. ఏ మాట చూడాలి?"

"ఒక మాట కాదండి. మొదట్నుంచీ చదువుదామని."

నేను నవ్వలేదు. నిఘంటువును మొదటి పుట నుంచి చదవాలనుకొనే మనుషులు లోకంలో ఇద్దరుంటారని అంతవరకు నాకు తెలియదు, ఒకరు నేనే. చేతులు శుభ్రంగా కడుక్కొని తాకాలన్న షరతు పెట్టి, తెచ్చి ఇచ్చాను.

"కడిగితే పోయే వాసనే అయితే ఈ ఊరి ఆడపిల్లలకి పై ఊళ్ల సంబంధాలు ఎప్పుడో కుదిరేవండి," అని నవ్వి, బరువైన ఆ పుస్తకాన్ని పసిబిడ్డను ఎత్తుకొన్నట్లు ఎత్తుకొని వెళ్లింది. పదునాలుగు నెలల తరువాత తిరిగి ఇచ్చింది. ఒక్క మరక లేదు. పుస్తకంతోపాటు మరొక కాగితం ఇచ్చింది. నిఘంటువులో సముద్రపు మాటలకు ఇచ్చిన అర్థాలలో పదకొండు తప్పులున్నాయట. వరుసగా రాసి పెట్టింది. ఆ కాగితం వెనుక ఒక పద్యం ఉంది. అది తనదేనని చెప్పలేదు. నేను అడిగే వరకు తల ఎత్తలేదు.

నేను కొండల వైపు నుంచి వచ్చినదానిని. మా నాన్న గొర్రెలు కాచేవాడు. స్కార్‌నెస్‌కు మా ఊరు నలభై మైళ్లే గాని, సముద్రాన్ని గురించి నాకు తెలిసినదంతా భూగోళ పాఠంలోనిదే. మొదటి వారంలోనే చిన్న తరగతికి ఒక పంది కథ చదివి వినిపించాను. ఆ జంతువు పేరు నా నోటి నుంచి వచ్చిందో లేదో, ఇరవై ఆరుగురు పిల్లలూ ఒక్కసారిగా వంగి బల్లల ఇనుప కాళ్లు పట్టుకొన్నారు. 

"ఆ మాట మా ఊళ్లో అనరండి," అని తరువాత హెస్టర్ చెప్పింది. "'ఆ పెద్దమనిషి' అంటాం. పొరపాటున అన్నా, విన్నా, ఇనుము ముట్టుకోవాలి. లేపోతే పడవలకి మంచిది కాదు."

"ఎందుకని?"

"ఎందుకో తెలిసిపోతే అది ఆచారం ఎలాగవుతాదండీ?"

ఆ ఊరి నిషేధాలను నేను వ్యాకరణ సూత్రాల వలె శ్రద్ధగా నేర్చుకొన్నాను. రేవులో ఈల వేయరాదు. సముద్రానికి వెళుతున్న మగవాడిని వెనుక నుంచి పిలువరాదు. పడవలో పచ్చరంగు ఉండరాదు. అన్నీ నేర్చుకొన్నాననే అనుకొన్నాను. ఒక్కటి మాత్రం నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పాలంటే దానిని గురించి మాట్లాడాలి; దానిని గురించి మాట్లాడకపోవడమే ఆ నిషేధం.

హెస్టర్ తండ్రి, ఇద్దరు అన్నలు, అక్క మెగ్ భర్త, ఈ నలుగురూ 1936 నవంబరులో ఒకే పడవ మీద వెళ్లి తిరిగి రాలేదు. మెగ్‌కు అప్పటికి పెళ్లయి ఏడు వారాలు. హెస్టర్‌కు పదిహేనేళ్లు. ఈ సంగతి కూడా నాకు ముక్కలు ముక్కలుగానే తెలిసింది. ఆ పడవను ఊరివారు 'రానిది' అనేవారు. 'రానిదాని ఏట పుట్టాడు' అనేవారు, 'రానిదానికి ముందు కట్టిన ఇల్లు' అనేవారు. దుఃఖం వలన పడిన మాట తీరు అది అని నేననుకొన్నాను.

మగవారు పోయిన ఇంట్లో తల్లీ, ఇద్దరు కూతుళ్లూ ఇతరుల పడవలకు ఎరలు గుచ్చి బ్రతికారు. ఒక్కొక్క తాడుకు పదునాలుగు వందల గాలాలు. ప్రతి గాలానికీ ఆలిచిప్ప నుంచి ఒలిచిన మాంసం గుచ్చి, తాడును పళ్లెం వంటి వెడల్పాటి బుట్టలో చుట్టలు చుట్టలుగా పేర్చాలి. హెస్టర్ పద్యాలు పుట్టినది అక్కడే. చేతులు గాలాల మీద ఉంటే, మాటలు మనస్సులో వరుస కట్టేవి. సాయంకాలం వచ్చి నా వంటింటి బల్ల దగ్గర వాటిని కాగితం మీద పెట్టేది. నేను ఎర్ర పెన్సిలుతో ఒక్కొక్క విరామచిహ్నాన్నీ నిలదీసేదానిని.

"ఈ రెండు పాదాల మధ్య ఇంత ఖాళీ ఎందుకు?" అని ఒకసారి అడిగాను.

"ఒక వరస గాలాలు పేర్చాక మీద గడ్డి పరుస్తాం కదండీ, పై వరస దీంట్లో చిక్కుకోకుండా? ఇదీ అంతే. గడ్డి లేకుండా పేరిస్తే, విసిరినప్పుడు అన్నీ ఒకదాన్నొకటి పట్టుకొని చస్తాయి."

పద్యరచనను గురించి అంతకు మించిన పాఠం నేను ఏ కళాశాలలోనూ వినలేదు. ఆ ఖాళీలను మరి ముట్టుకోలేదు.

1953లో ఆమె మొదటి పద్యాల పుస్తకం అచ్చయింది. లండను పత్రికలు దానిని మెచ్చుకొన్నాయి. ఊరు అంతకంటె ఎక్కువగా మురిసిపోయింది. ప్రార్థనా మందిరంలో తేనీటి విందు చేసి, పెనం మీద చుయ్యిమని కాలే ఎండుద్రాక్ష రొట్టెలు గుట్టగా పెట్టారు. అందరిలోకి మెగ్ గొంతే పెద్దది. నలుగురి పని ఒక్కతే చేసి, ఎనిమిది మంది మాటలు ఒక్కతే మాట్లాడే మనిషి ఆమె.

"మా చెల్లి పద్యం చదివితే చేపలు వాటంతటవే ఒడ్డుకొచ్చేస్తాయంట! మరి ఎరలు గుచ్చడం మానెయ్యొచ్చా, పంతులమ్మా?" అని గదంతా వినబడేటట్లు అన్నది.

"నీ గొంతు వినేసరికి మళ్లీ వెనక్కి పోతాయే, అక్కా," అన్నది హెస్టర్.

"పోనీలే, నీ పద్యం విన్న చేప బతికి బట్టకడతాది!"

ఆ రోజు వారి తల్లి జేన్ నవ్వి నవ్వి కళ్లు తుడుచుకొన్నది. రానిది వెళ్లిన తరువాత ఆమె నవ్వగా చూసినది అదే మొదలని పక్కనున్నవారు నాతో అన్నారు.

తరువాత హెస్టర్ నవల ప్రారంభించింది. మూడు చలికాలాలు రాసింది. ఎరలు గుచ్చే ఆడవారి కథ అది. పేరు 'పదునాలుగు వందల గాలాలు'. వారి వేళాకోళాలు, కీచులాటలు, పాటలు, పుండ్లు పడిన వేళ్లు, అన్నీ అందులో ఉన్నాయి. చివరలో ఒక పడవ తిరిగి రాదు. అచ్చుకు ముందు దిద్దవలసిన కాగితాలు 1958 ఫిబ్రవరిలో వచ్చాయి. అదే వారంలో జేన్‌కు ఊపిరితిత్తుల జ్వరం తగిలింది. తల్లి మంచం పక్క నుంచి కదలలేక, హెస్టర్ ఆ కట్టను నా చేతిలో పెట్టింది.

"శుక్రవారం టపాకి వెళ్లిపోవాలంటండి. మీ కళ్లు నా కళ్లకన్నా మంచివి. మీకు సరి అనిపించినట్టు దిద్ది పంపెయ్యండి."

దిద్దాను. నాలుగు రోజులు బడి వదలగానే కూర్చొని దిద్దాను. చివరి అధ్యాయం దగ్గర ప్రచురణకర్త అంచున ఒక ప్రశ్న రాశాడు: 'ఈ పడవకు పేరు లేదా? పాఠకుడు అడుగుతాడు.' నిజమే. పుస్తకంలోని పడవలన్నింటికీ పేర్లున్నాయి. ఈ ఒక్కదానికే లేదు. నాకు అది పొరపాటుగా తోచింది. అలసిన మనిషి చేసిన చిన్న లోపమనుకొన్నాను. మంచం పక్కనున్నదానిని దీనికోసం లేపి అడగడం దయలేని పని అనిపించింది. బడి దినచర్య పుస్తకాలు పాతవన్నీ బీరువాలో ఉన్నాయి. 1936 నవంబరు తీసి చూశాను. నాకు ముందున్న ప్రధానోపాధ్యాయుడు చక్కని దస్తూరితో ఆ పడవ పేరు రాసి, ఆ రోజు ఎందరు పిల్లలు బడికి రాలేదో రాశాడు. ఆయన కూడా పై ఊరివాడే. ఆ పేరును నేను ఏడు చోట్ల రాశాను. పోయినవారికి గౌరవం చేస్తున్నానని, వారి పడవను పుస్తకంలో నిలబెడుతున్నానని, నిజంగా అలాగే అనుకొన్నాను. ఆ పేరును ఇక్కడ రాయను.

ఈ పని చేసినది నేనేనని కాగితం మీద పెట్టడం ఇదే మొదటిసారి. హెస్టర్ కాక, నోటితో ఒప్పుకొన్నది మరొక్కరి దగ్గరే.

"చిన్న చిన్న సవరణలు చేశాను," అని హెస్టర్‌తో చెప్పాను.

"మీరు చేస్తే ఇంక చూసేదేటండి," అన్నది. నిద్ర లేక ఆమె కళ్లు ఎర్రబడి ఉన్నాయి.

జేన్ కోలుకొన్నది. మే నెలలో పుస్తకాలు వచ్చాయి. మొదటి ప్రతిని హెస్టర్ అక్కకు ఇచ్చింది. మెగ్ దానిని ఎరల కొట్టంలోకి తీసుకొని వెళ్లి, తన వంతు తాడును పక్కన పెట్టి, మిగిలినవారు పని చేస్తుండగా రోజూ కొన్ని పుటలు పైకి చదివేది. తమ మాటలు తమకే అచ్చులో వినబడుతుంటే ఆడవారు పొట్ట చెక్కలయ్యేటట్లు నవ్వేవారు.

"ఓలమ్మో, ఇది నేనే! ఆ దగ్గు నాదే!"

"దగ్గు ఒకటే కాదే, అప్పు తీసుకుని తిరిగివ్వని ఉప్పు కూడా నీదే. చదువు మెగ్, చదువు."

ఆ శనివారం నేను కూడా వినడానికి వెళ్లాను. నాకు కొంత గర్వంగానే ఉంది. హెస్టర్ కొట్టం మూల కూర్చొని చిప్పలు ఒలుస్తున్నది. మెగ్ చివరి అధ్యాయానికి వచ్చింది. ఆమె చదివే తీరు వేగం. వాక్యం చివర ఏమున్నదో చూసుకోకుండా నావ తోసినట్లు తోసుకుంటూ పోయేది. అలా పోతూ పోతూ, ఆ పేరును పైకి చదివేసింది.

ఇరవై రెండేళ్లుగా ఆ ఊరిలో ఎవరూ అనని పేరు. ఆ పడవ మీద మొగుణ్ణి పోగొట్టుకొన్న మనిషి నోటితోనే వచ్చింది.

ఎవరూ ఇనుము ముట్టుకోలేదు. దీనికి ఇనుము చాలదు. మెగ్ తన నోటిని అరచేత్తో మూసుకొన్నది. ఒక్కొక్కరుగా ఆడవారు లేచారు. సగం గుచ్చిన తాళ్లను బుట్టల్లోనే వదలి, తలలు వంచుకొని బయటికి నడిచారు. మునిగిన పడవను పేరు పెట్టి పిలిస్తే, అది ఒంటరిగా పలకదట. తోడుకు మరొక పడవను అడుగుతుందట. ఇది నాకు ఆ సాయంకాలం తెలిసింది.

అందరూ వెళ్లాక మెగ్ మిగిలింది. చెల్లెలి ముందు నిలబడింది.

"నా నోటితో అనిపించావు," అన్నది. అంత చిన్న గొంతు ఆమెకు ఉందని నాకు తెలియదు. "ఇంతమందున్నారు. నా నోటితోనే అనిపించావు కదే."

మెగ్ పుస్తకాన్ని చిప్పల గుట్ట మీద పెట్టి వెళ్లిపోయింది. అప్పుడు హెస్టర్ చేతులు గౌనుకు తుడుచుకొని, ఆ పుట తెరచి చూసి, వెనక్కి తిప్పి, మరొక చోట చూసింది.

"ఇది మీరు పెట్టారా అండీ?"

"నేనే పెట్టాను. ఇప్పుడే వెళ్లి చెబుతాను. ఇంటింటికీ వెళ్లి చెబుతాను."

"చెప్పకూడదు."

"హెస్టర్!"

"నా మాట వినండి. మీరని తెలిస్తే రేపట్నుంచి ఒక్క పిల్లని కూడా బడికి పంపరు. ఆ డిక్సన్ వాళ్ల పిల్ల వచ్చే నెల పెద్ద బడి పరీక్ష రాయాలి. ఈ ఊరి నుంచి ఒక ఆడపిల్ల ఆ పరీక్ష రాయడం ఇదే మొదలు. దాని చదువు ఏటవుతాది?"

"మరి నువ్వు?"

"అట్ట మీద ఉన్నది నా పేరే కదండీ," అన్నది. "వాళ్లు నా వాళ్లు. నా మీద కోపం ఎంతకాలం ఉంచుకుంటారు? ఒక చలికాలం," అన్నది.

నేను ఊరుకొన్నాను. ఆ పిల్ల పరీక్ష రాసింది, నెగ్గింది కూడా. కాని నేను ఊరుకొన్నది ఆ పిల్ల కోసమే అని చెప్పుకొంటే అబద్ధమవుతుంది. ఆ ఊరిని విడిచి వెళ్లవలసి వస్తుందని భయపడ్డాను. హెస్టర్ వద్దన్నప్పుడు నా మనస్సు మూలలో ఎక్కడో బరువు దిగినట్లయింది. దానిని నేను మరచిపోలేదు.

తొమ్మిది రోజులు పడవలు సముద్రంలోకి దిగలేదు. ఆ తరువాత దిగాయి. ఏ కీడూ జరగలేదు. అయినా ఒక చలికాలం రెండయింది, రెండు పది అయ్యాయి. జేన్ ఎదురింట్లో ఉన్న మెగ్ దగ్గరికి మారిపోయింది. ఎరల కొట్టంలో హెస్టర్ పీటను ఎవరో బయట పెట్టారు. మగదిక్కు లేని ఇళ్ల కిటికీ గట్టు మీద పడవల వారు రోజూ రెండు చేపలు పెట్టి పోవడం అక్కడి పద్ధతి. హెస్టర్ కిటికీ గట్టు ఖాళీగానే ఉండేది. ఆమె దానిని రోజూ కడిగేది.

ఆ నవలకు లండనులో బహుమానం వచ్చింది. అక్కడికి వచ్చి ఉండమని స్నేహితులు ఉత్తరాలు రాశారు. ఆమె కదలలేదు. తరువాత నాలుగు నవలలు, రెండు పద్యాల పుస్తకాలు రాసింది. వాటిలో ఎక్కడా సముద్రం లేదు. కొండలు, గొర్రెలు, రాతి గోడలు, మంచు. అన్నీ నన్ను అడిగి తెలుసుకొని, నా బాల్యాన్ని అరువు తీసుకొని రాసింది. సముద్రపు కవయిత్రి తీరం వదలి లోపలికి నడిచిందని, ఇది ఆమె కళలో కొత్త మలుపని విమర్శకులు విశ్లేషించారు. ఆ వ్యాసాలను నేను ఆమెకు చదివి వినిపిస్తే, కిటికీలో నుంచి అలల వైపు చూస్తూ, "చాలా తెలివైనవాళ్లండి," అనేది.

1963లో జేన్ పోయింది. స్కార్‌నెస్‌లో చావుకు ఎవరూ తమంతట తాము వెళ్లరు. పిలుపు రావాలి. పెద్దవాడొకడు నల్లకోటు తొడుక్కొని, చావు జరిగిన ఇంటి తాళంచెవితో ఒక్కొక్క తలుపు మీద మూడుసార్లు తట్టి, పోయినవారి పేరు, సమాధి చేసే వేళ చెప్పిపోతాడు. తలుపు తట్టించుకోని ఇల్లు ఆ చావుకు పరాయిది. ఆనాడు తిరిగినది జార్జి బాబాయి. నేను హెస్టర్ ఇంట్లోనే ఉన్నాను. ఆమె నల్ల బట్టలు కట్టుకొని, తలుపుకు ఎదురుగా కుర్చీ వేసుకొని కూర్చున్నది. పక్క తలుపు మీద మూడు దెబ్బలు వినబడ్డాయి. అడుగులు మా గుమ్మం ముందుకు వచ్చాయి. ఆగాయి. తరువాత అడుగులు కదిలాయి. అవతలి తలుపు మీద మూడు దెబ్బలు.

నేను తలుపు తీయబోయాను. హెస్టర్ నా మణికట్టు పట్టుకొన్నది. గాలాలు పట్టిన చెయ్యి. విడిపించుకోవడం నా వల్ల కాలేదు.

"కిటికీలోంచి చూశానండి," అన్నది. "బాబాయి చెయ్యి పైకి లేచింది. లేచి దిగింది. పాపం, లేచింది. అది చాలు."

"అది చాలదు. నీ కన్నతల్లి. నేను చెప్పి తీరుతాను."

"అమ్మ చచ్చిన రోజున ఊళ్లో ఇంకో గొడవ పెట్టకండి. మీకు పిలుపు వచ్చింది కదా. వెళ్లండి. నా వంతు కూడా మీరే నడవండి."

నడిచాను. సందు చివర, గోడ పక్కన, ఆమె ఒంటరిగా నిలబడి ఉంది. శవపేటిక దాటిపోతుండగా తల వంచింది. మెగ్ అటు చూడలేదు. నేను మెగ్ పక్కనే నడుస్తున్నాను. ఆమె చేతిలో రుమాలు ఉండలా నలిగిపోయి ఉంది.

మెగ్ చెల్లెలితో ఒక్క మాట మాట్లాడలేదన్న మాటే గాని, తిట్టని రోజు లేదు. తిట్లన్నీ నాతో గాని, గోడతో గాని.

"పంతులమ్మా, ఆ రచయిత్రిగారికి చెప్పు, ఆవిడ పొగగొట్టం మసంతా నా దుప్పట్ల మీదే పోస్తంది. పద్యాలు రాసే చేత్తో ఆ గొట్టం ఒకసారి గీకితే వేళ్లు అరిగిపోతాయా?"

"ఆవిడ పిల్లి మా గుమ్మంలో కూచుంటంది. దానికి కూడా మర్యాద నేర్పలేదు, ఆ మనిషి లోకానికేటి నేర్పుతాది?"

ఈ మాటలన్నీ పూసగుచ్చినట్లు హెస్టర్‌కు అప్పజెప్పడం నా నిత్యకృత్యమైంది. ఆమె కలం పక్కన పెట్టి వినేది. "ఇవాళ మా అక్క ఏటందండీ?" అన్నదే సాయంకాలం నేను వెళ్లగానే ఆమె అడిగే మొదటి ప్రశ్న. తిట్టు పదునుగా ఉంటే ముఖం వెలిగేది. "ఆవిడ రాసి ఉంటే నాకన్నా బాగా రాసేదండి," అనేది. పొగగొట్టం మాత్రం గీకించలేదు. ఎందుకో నాకు చాలా ఏళ్లకు గాని అర్థం కాలేదు.

1985లో నేను ఉద్యోగ విరమణ చేశాను. బడికి పిల్లలు చాలక అప్పటికే మూసివేస్తారన్న మాట ఉంది. ఇక నా వలన చెడేది ఏమీ లేదు. ఇప్పుడైనా చెప్పనిమ్మని హెస్టర్‌ను బ్రతిమాలాను.

"ఇప్పుడా?" అన్నది. "అక్కకి డెబ్బై వస్తన్నాయండి. ఇరవై ఏడేళ్లు తప్పు మనిషిని తిట్టానని తెలిస్తే ఏటయిపోతాది? తట్టుకోలేదు. వద్దు."

1989 వసంతంలో ఆమెకు దగ్గు పట్టుకొన్నది. వేసవి చివరకు డాక్టరు మాటలు తగ్గించి, రావడం ఎక్కువ చేశాడు. అక్టోబరుకు ఆమె మంచం దిగలేని స్థితికి వచ్చింది. కిటికీ పక్కకు మంచం జరిపాము. మధ్యాహ్నాలు నేను కూర్చొనేదానిని. తలగడ కింద కాగితాలుండేవి. ఎన్నో ఏళ్ల తరువాత సముద్రం మీద నాలుగు పద్యాలు రాసింది. నేను ఎర్ర పెన్సిలు తీసుకొని వెళ్లాను గాని, జేబులో నుంచి బయటికి తీయలేదు.

ఒక సోమవారం సందులో మెగ్ నన్ను ఆపింది. ఆమెకు డెబ్బై రెండేళ్లు. చేతిలో బట్టల బుట్ట ఉంది.

"ఎన్నాళ్లంట?" అన్నది, నా ముఖం వైపు చూడకుండా.

"ఈ వారం దాటదన్నాడు."

మెగ్ బుట్టను ఒక తుంటి మీద నుంచి మరొక తుంటి మీదికి మార్చుకొన్నది. నోరు తెరచింది. ఏ తిట్టు వస్తుందోనని ఎదురుచూశాను. ఏమీ రాలేదు. లోపలికి వెళ్లిపోయింది.

"ఇవాళ మా అక్క ఏటందండీ?" అని అడిగింది హెస్టర్.

"ఎన్నాళ్లని అడిగింది."

"అది తిట్టు కాదు కదండీ. ఇంకేటంది?"

"ఇంకేమీ అనలేదు."

మంగళవారం కూడా మెగ్ ఏమీ అనలేదు. బుధవారం హెస్టర్‌కు మాట సన్నగిల్లింది. అయినా నేను కుర్చీలో కూర్చోక ముందే అడిగింది. ఏమీ అనలేదనే చెప్పాను. అబద్ధమాడి ఒక తిట్టు కల్పించి చెప్పవచ్చును. నా వల్ల కాలేదు. మెగ్ తిట్టులాంటి తిట్టును నేను కల్పించలేను, కల్పించినా ఆమె పట్టేస్తుంది.

"గాలి ఎటునుంచి?" అన్నది.

"తూర్పు నుంచి."

"అక్క బట్టలు ఆరేసిందా?"

చూశాను. ఎదురింటి తీగ మీద తెల్లని దుప్పట్లు రెండు ఎగురుతున్నాయి.

"బొగ్గు వెయ్యండి. చాలా వెయ్యండి. తడి బొగ్గు వెయ్యండి."

వేశాను. గది వేడెక్కింది. పొగ దట్టంగా లేచి సందు మీదుగా వంగింది. దుప్పట్ల మీద నల్లని రవ్వలు పడడం కిటికీలో నుంచి కనిపిస్తూనే ఉంది. మెగ్ బయటికి వచ్చింది. దుప్పటి అంచు పట్టుకొని మసిని చూసింది. తల ఎత్తి మా పొగగొట్టం వైపు చూసింది. చాలాసేపు అలాగే చూసింది. తరువాత ఆ రెండు దుప్పట్లనూ తీగ మీద నుంచి తీసి, మసితో సహా మడత పెట్టి, గుండెలకు ఆనించుకొని, ఒక్క మాట లేకుండా లోపలికి వెళ్లిపోయింది.

చూసినది చూసినట్లు హెస్టర్‌కు చెప్పాను. ఆమె కళ్లు మూసుకొన్నది. నిద్రపోయిందనుకొని నేను దుప్పటి సర్దబోయాను. అప్పుడు నా చెయ్యి పట్టుకొన్నది.

"నేను తప్పు లెక్క వేశానండి," అన్నది. "కోపం మోయడం కష్టమనుకున్నాను. ఆవిడకి అదే ఊతకర్ర. నేను పోయాక నా మీద కోపం నిలవదు. చచ్చిన చెల్లి మీద ఎవరు కోపం ఉంచుకుంటారు? అది జారిపోయిందంటే దాని కింద ఏటి ఉన్నాదో నాకు తెలుసు. అమ్మ చావుకి పిలవనిది, కొట్టంలోంచి పీట బయట పెట్టినది, అన్నీ ఒకేసారి మీద పడతాయి. ఒక్కతే ఉన్నాది. తట్టుకోలేదు."

"ఏమి చేయమంటావు?"

"ఆవిడకి బతికున్న మనిషొకరు కావాలండి, తిట్టుకోడానికి. ఇప్పుడే వెళ్లండి. ఆ పేరు పెట్టింది మీరేనని చెప్పండి. నేనే చెప్పొద్దన్నానని కూడా చెప్పండి, నా వంతు కూడా నాకు పడాలి. ఊరంతా వినపడేలా తిడతాది. ఎదురు చెప్పకండి. రేపు కూడా వెళ్లండి, ఎల్లుండి కూడా వెళ్లండి."

నేను లేచి కోటు తొడుక్కొన్నాను. గుమ్మం దాకా వెళ్లాక మళ్లీ పిలిచింది.

"ఈ కిటికీ తీసి వెళ్లండి, పంతులమ్మగారూ. నాకు వినపడాలి."